జంషీద్ పేరులో యముడు

చిట్టితల్లీ,

ఉర్దూ క్లాసులో నీ పక్కన కూచునే జంషీద్ పేరుకు ‘గిన్నె ఉన్న రాజు’ అని ఎవరో అర్థం చెప్పారని రాశావు. కాదమ్మా. ఫారసీలో గిన్నె అంటే ‘జామ్’, దీర్ఘం. ఈ పేరులో ఉన్నది ‘జమ్’, హ్రస్వం. లోకమంతా కనిపించే పాత్ర ఒకటి జంషీద్ దగ్గర ఉండేదని కవులు తెగ రాయడంతో రెండు మాటలూ జనం నోట అతుక్కుపోయాయి. దీర్ఘం చూసుకోకుండా అర్థాలు చెప్పేవాళ్లు మనకూ తక్కువేం లేరులే.

పేరును జమ్, షీద్ అని విరువు. పార్సీల పవిత్ర గ్రంథం అవెస్తాలో ఇది ‘యిమ ఖ్షఏత’. ఖ్షఏత అంటే తేజస్వి. సూర్యుణ్ని ఖుర్షీద్ అంటారే, అందులోని షీద్ కూడా ఇదే. ఇక జమ్ దగ్గర కాసేపు ఆగు. మాట మొదట్లో ఉన్న ‘య’ ఫారసీలో ‘జ’ అయింది. వింతేం కాదు, మన యాత్ర జాతర కాలేదూ? సంస్కృతపు యువన్‌కు చుట్టమైన మాటే ఫారసీలో జవాన్ అయి, అక్కణ్నుంచి మన జవాను అయింది. ఈ లెక్కన జమ్ అంటే యిమ. యిమ అంటే మన యముడే! మనవాడి తండ్రి వివస్వంతుడు, వాళ్లవాడి తండ్రి వీవంఘ్వంత్. తండ్రుల పేర్లూ కలిశాక ఇక అనుమానమేముంది?

కాకపోతే వేదంలో యముడు చనిపోయిన తొలి మనిషి, పితృదేవతలకు రాజు. దున్నపోతూ పాశమూ తర్వాతొచ్చాయి. నీకైతే సినిమా యముడు కైకాల సత్యనారాయణే గుర్తొస్తాడు. యిమ మాత్రం బతికున్నవాళ్లకు రాజు. అతని ఏలుబడిలో చలి, ఎండ, ముసలితనం, చావు లేవట. ఫారసీ కవి ఫిర్దౌసి 1010లో ముగించిన షానామా కావ్యంలో జంషీద్ 700 ఏళ్లు ఏలాడు, నౌరోజ్ పండుగ మొదలుపెట్టాడు, చివరికి తానే దేవుణ్నని విర్రవీగి జహాక్ అనే క్రూర రాజు చేతిలో రంపపుకోతకు గురయ్యాడు. అయినా ఇరాన్‌వాళ్లు ఆ పేరు వదల్లేదు. పెర్సెపోలిస్ శిథిలాలను ఇప్పటికీ తఖ్తె జంషీద్, అంటే జంషీద్ సింహాసనం అనే పిలుస్తారు. మనం పిల్లాడికి యముడని పెడతామా?

మన గోలకొండనూ ఒక జంషీద్ ఏలాడు, 1543 నుంచి 1550 దాకా. తండ్రిని చంపించాడన్న అపవాదు మోసినవాడు. ఈ ఆదివారం కుతుబ్‌షాహీ సమాధులకు వెళ్లు. ఎనిమిది పలకల కట్టడం అతనిదే. అక్కడ నిలబడి ఆ పేరు ఒకసారి పైకి పలుకు, హ్రస్వంతోనే సుమా.

ఆశీస్సులతో,
తాతయ్య