సతీర్థ్యులు

ఒకే గురువు వద్ద విద్య నేర్చినవారిని సతీర్థ్యులు అంటారు. తీర్థమనే శబ్దానికి పుణ్యజలమనే అర్థంతో పాటు గురువు అనే అర్థం కూడా ఉంది. ఈ పదం ఏర్పడే తీరును చెప్పడానికి పాణిని ఒక సూత్రాన్నే కేటాయించాడు. కులం, ధనం, అధికారం వీటిలో దేనికీ ఈ మాటలో చోటు లేదు. గురువు ఒకడే కావడం ఒక్కటే సతీర్థ్యులయ్యేందుకు కావలసిన అర్హత.

విద్యార్థులారా! మీరు పదవ తరగతి గదిని విడిచి ఎంతో కాలం కాలేదు. పబ్లిక్ పరీక్షలకు కొద్ది రోజుల ముందు తొమ్మిదవ తరగతివారు మీకు వీడ్కోలు సభ జరిపే ఉంటారు. ప్రధానోపాధ్యాయులు ఆశీర్వదించి ఉంటారు. ఉపాధ్యాయులను కుర్చీలలో కూర్చోబెట్టి, వెనుక మీరు వరుసలుగా నిలబడి ఛాయాచిత్రం తీయించుకొని ఉంటారు. ఆటోగ్రాఫు పుస్తకాలు చేతులు మారి ఉంటాయి. వాటిలో స్వంత వాక్యం వ్రాసినవారు అరుదు. ఎవరో ఎప్పుడో అల్లిన ప్రాసవాక్యాలే ఊరూరా తిరుగుతూ ఉంటాయి. అయినా వాటిని ఇరవై ఏళ్ల తరువాత కూడా భద్రంగా దాచుకొన్నవారు నాకు తెలుసు.

ఆ సభలో వేదిక ఎక్కిన విద్యార్థులు ఏమి చెప్పారో ఒకసారి గుర్తు చేసుకోండి. బీజగణిత సూత్రాలను గురించి గాని, సంధులను గురించి గాని ఎవరూ మాట్లాడి ఉండరు. వానకు కారే పైకప్పు కింద బెంచీలు జరుపుకొన్న రోజు, ఒకే సైకిలు మీద ముగ్గురు బడికి వచ్చి దెబ్బలు తిన్న రోజు, జ్వరం వచ్చిన నెచ్చెలికి నోటుపుస్తకాలు వ్రాసిపెట్టిన వారం, ఇటువంటివే జ్ఞప్తికి వస్తాయి. కలిసి నేర్చిన పాఠం కంటే కలిసి పడిన కష్టమే మనసులో ముందు నిలుస్తుంది. ఇది ఈనాటి విద్యార్థుల స్వభావం మాత్రమే కాదు.

భాగవతంలోని కుచేలోపాఖ్యానాన్ని చూడండి. దారిద్ర్యంతో కృశించిన కుచేలుడు భార్య మాట మీద ద్వారకకు వెళ్లాడు. శ్రీకృష్ణుడు దూరం నుండే చూచి ఎదురువచ్చి, కౌగిలించుకొని, తన పాన్పు మీద కూర్చోబెట్టి పాదాలు కడిగాడు. ఆ తరువాత ఎత్తుకొన్న ప్రసంగం మనం గమనించదగినది. సాందీపని మహర్షి ఆశ్రమంలో తాము నేర్చిన శాస్త్రాలను అతడు ఏకరువు పెట్టలేదు. గురుపత్ని పనుపున ఇద్దరూ కట్టెల కోసం అడవికి వెళ్లిన రోజును తలచుకొన్నాడు. అకాలవర్షం, పెనుగాలి, పల్లమేదో మెరక ఏదో తెలియనంత నీరు, చీకటి. ఇద్దరూ ఒకరి చేయి ఒకరు పట్టుకొని రాత్రంతా అడవిలో గడిపారు. తెల్లవారిన తరువాత గురువే వెదుకుతూ వచ్చి వారిని ఆశీర్వదించాడు. కుచేలుడు తెచ్చిన అటుకుల మాట ఈ సంభాషణ తరువాతనే వస్తుంది. సంపదలు ప్రసాదించడం అంతకన్నా తరువాతి సంగతి. పాతరోజులను ముందుగా ఎత్తినవాడు ఉన్నతస్థితిలో ఉన్నవాడు కావడం ఈ కథలోని సొగసు. కుచేలుడే ముందు ఎత్తి ఉంటే అది యాచనకు పీఠికగా వినిపించేది.

మహాభారతం ఆదిపర్వంలో ఇందుకు పూర్తిగా విరుద్ధమైన కథ ఉంది. ద్రోణుడు, ద్రుపదుడు కలిసి విలువిద్య నేర్చిన సతీర్థ్యులు. తాను రాజైన నాడు తన భోగభాగ్యాలను కలిసి అనుభవిద్దామని ద్రుపదుడు ఆ రోజులలో మాట ఇచ్చాడు. కాలక్రమాన ద్రుపదుడు పాంచాలాధీశుడయ్యాడు. ద్రోణుడు పేదవాడిగానే ఉండిపోయాడు. ధనవంతుల బిడ్డలు పాలు త్రాగడం చూచి తన కుమారుడు అశ్వత్థామ తనకూ పాలు కావాలని ఏడ్వగా, ఆ దుఃఖం భరించలేక మిత్రుని గుర్తు చేసుకొని వెళ్లాడు. వెళ్లి, చనువుతో మిత్రమా అన్న భావంతో పలుకరించాడు. ద్రుపదునికి కోపం వచ్చినది ఆ పలుకరింపుకే. రాజుకు పేదతో స్నేహమేమిటి, చెలిమి సమానుల మధ్యనే కదా అని తూలనాడాడు. సతీర్థ్యుడనే మాటలో లేని సమానత్వపు షరతును అతడు ఆనాడు చేర్చాడు.

ఆ ఒక్క మాట ఖరీదు సామాన్యమైనది కాదు. ద్రోణుడు అర్జునుని చేత ద్రుపదుని పట్టి తెప్పించి సగం రాజ్యం పుచ్చుకొన్నాడు. ద్రుపదుడు ద్రోణుని సంహరించగల కొడుకు కోసం యజ్ఞం చేసి ధృష్టద్యుమ్నుని పొందాడు. కురుక్షేత్రంలో పదిహేనవ రోజున ద్రోణుడు ఆ ధృష్టద్యుమ్నుని చేతిలోనే మరణించాడు. నా దృష్టిలో ఇద్దరిదీ తప్పే. అయితే మొదటి తప్పు సింహాసనం మీద ఉన్నవానిది.

మన ఉన్నత పాఠశాలల వైపు చూద్దాం. ఆరవ తరగతి నుండి పదవ తరగతి వరకు అయిదేళ్లపాటు భూస్వామి కొడుకు, కూలివాని కొడుకు ఒకే బెంచీ మీద కూర్చొన్న పాఠశాలలు మనకు ఎన్నో ఉన్నాయి. ఏకరూప దుస్తులు ఆ తేడాను కొంత కప్పుతాయి. 2003లో ప్రాథమిక తరగతులతో మొదలై ఆ తరువాత ఉన్నత పాఠశాలలకూ విస్తరించిన మధ్యాహ్న భోజన పథకం ఆ పిల్లలను ఒకే పంక్తిలో కూర్చోబెట్టింది. 1971లో అప్పటి నల్లగొండ జిల్లాలోని సర్వేలులోను, మరుసటి సంవత్సరం గుంటూరు జిల్లా తాడికొండలోను, అప్పటి అనంతపురం జిల్లా కొడిగెనహళ్లిలోను వెలసిన గురుకుల పాఠశాలలలో పిల్లలు చదువుతో పాటు నిద్రాహారాలను కూడా పంచుకొన్నారు. ఈ సమానత్వం పాఠశాల ఇచ్చినది. బదిలీ పత్రం చేతికి వచ్చిన నాటి నుండి దానిని నిలుపుకొనే భారం విద్యార్థులదే. ఒకరు జూనియర్ కళాశాలకు, ఒకరు పాలిటెక్నిక్‌కు, ఒకరు ఐ.టి.ఐ.కి వెళతారు. ఇంకొకరు తండ్రి దుకాణంలో కూర్చొంటారు. దారులు చీలడం సహజం.

పాతికేళ్ల తరువాత పూర్వ విద్యార్థుల సమ్మేళనంలో ఈ చీలిక సంబోధనలలో బయటపడుతుంది. ఒకనాడు "ఒరే" అని పిలిచినవాడు అధికారి అయిన మిత్రుని ఎదుట "మీరు" అంటాడు, లేదా మాట్లాడకుండా వెనుక వరుసలో కూర్చొంటాడు. ఆ అధికారి తానే లేచి వెళ్లి "ఏరా, ఎలా ఉన్నావు?" అని భుజం తట్టితే తప్ప ఆ దూరం తగ్గదు. చందా ఇంతని ముందే నిర్ణయించిన సమ్మేళనాలకు కొందరు అసలే రారు.

సమ్మేళనానికి పిలవవలసినవారి జాబితాను సాధారణంగా పదవ తరగతి ఛాయాచిత్రాన్ని చూచి తయారు చేస్తారు. ఆ చిత్రంలో లేని సహాధ్యాయులు కూడా ఉంటారు. ఆరవ తరగతిలో పక్కన కూర్చొని, ఎనిమిదవ తరగతి నాటికి కనిపించకుండా పోయినవారు వారు. ఒక బాలికకు పెళ్లి చేసి ఉంటారు. ఒక బాలుణ్ణి పశువుల వెంట పంపి ఉంటారు. ఒక కుటుంబం పనిని వెతుక్కుంటూ వలస వెళ్లి ఉంటుంది. వీరూ సతీర్థ్యులే; వీరికీ అదే గురువు అక్షరం చెప్పాడు. ప్రధానోపాధ్యాయుల గదిలోని బీరువాలో ప్రవేశాల రిజిస్టరు ఉంటుంది. ప్రతి పేరుకు ఎదురుగా తండ్రి పేరు, పుట్టిన తేదీ, చేరిన తేదీ, మానిన తేదీ వ్రాసి ఉంటాయి. సమ్మేళనం తలపెట్టిన వారు ఆ రిజిస్టరును అడిగి తెరిపిస్తే, ఛాయాచిత్రంలో లేని ఆ పేర్లు అక్కడ దొరుకుతాయి.