పనిముట్టుకు పరిచయ పత్రం - యంత్రం చదివేటప్పుడు

కంప్యూటరును ప్రశ్న అడిగి జవాబు తెలుసుకునే దశ దాటి, దానికి పని అప్పగించే దశకు మనం వచ్చాము. అప్పగించిన పనిని అంచెలంచెలుగా తానే చేసుకొనిపోయే కృత్రిమ మేధను ఏజెంట్ అంటున్నారు. రైలు చూడమంటే చూస్తుంది, బిల్లు కట్టమంటే కడుతుంది. అయితే ఏజెంటుకు సొంత చేతులు లేవు. రైళ్ళు వెదకడానికి ఒక ప్రోగ్రాము, బిల్లు కట్టడానికి మరొకటి, ఇట్లా ఇతరులు రాసిపెట్టిన సాధనాలను పిలిచి పని జరుపుకుంటుంది. ఏ సాధనాన్ని ఎప్పుడు పిలవాలి, దాని చేతికి ఏమి ఇవ్వాలి అన్నది ఆ సాధనంతోపాటు రాసి ఉన్న నాలుగు వాక్యాలను చదివే నిర్ణయిస్తుంది. ఆ నాలుగు వాక్యాల గురించే ఈ వ్యాసం.

ఇది పూర్తిగా కొత్త విద్య ఏమీ కాదు. 1971 నవంబరులో అమెరికాలోని బెల్ ప్రయోగశాలలో కెన్ థాంప్సన్, డెన్నిస్ రిచీలు యునిక్స్ మాన్యువల్ మొదటి కూర్పు వెలువరించారు. ప్రతి ఆజ్ఞకూ దాని పేరు, వాడే తీరు, వివరణ ఇచ్చి, 'బగ్స్' అనే శీర్షిక కింద దాని లోపాలు కూడా చెప్పారు. తాము చేసిన వస్తువులోని లోపాన్ని తామే అచ్చువేసుకున్న నిజాయితీ మెచ్చుకోదగ్గది.

మన తెలుగులోనూ ఒక చక్కని ఉదాహరణ ఉన్నది. అమెరికాలోని రైస్ విశ్వవిద్యాలయంలో చదువుకున్న తెలుగు విద్యార్థులు ఇంగ్లీషు అక్షరాలతో తెలుగు రాసే ఆర్.టి.ఎస్. పద్ధతిని రూపొందించారు. చిన్న 'టీ' కొడితే త, పెద్ద 'టీ' కొడితే ట. చిన్న 'ఎల్' ల, పెద్ద 'ఎల్' ళ. పెద్ద 'ఎమ్' సున్న. ఆ పట్టిక చూసినవాడు పక్కవాణ్ణి అడగనక్కర లేదు. పద్మ, లేఖిని వంటి ఉపకరణాలను తరువాత వేరేవారు ఆ పద్ధతి మీదనే నడిపారంటే, పట్టిక అంత తేటగా ఉండబట్టే అని నా అభిప్రాయం.

మనిషికీ ఏజెంటుకూ ఉన్న తేడా ఇక్కడనే గమనించాలి. మనిషికి అనుమానం వస్తే కౌంటరు దగ్గర అడుగుతాడు. ఏజెంటు చాలాసార్లు అడగదు, ఊహిస్తుంది. మంచిర్యాల నుండి కాజీపేటకు రైలు వెదికే సాధనాన్ని ఎవరో రాశారనుకుందాం. 'స్టేషను పేరు ఇవ్వాలి' అని మాత్రమే రాస్తే ఏజెంటు ఊరిపేరు పంపుతుంది. సాధనానికి కావలసిందేమో ఎం.సి.ఐ. అనే రైల్వే కోడు. ఇక 05-06 అనే తేదీ మన లెక్కలో జూన్ 5, అమెరికా లెక్కలో మే 6. రైలు తప్పితే మళ్ళీ చూసుకోవచ్చును. డబ్బు సంగతి అట్లా కాదు.

మన ఇంటి కరెంటు బిల్లునే తీసుకోండి. దాని మీద సర్వీసు నెంబరు ఒకటి, యూనిక్ సర్వీసు నెంబరు మరొకటి ఉంటాయి. బిల్లు కట్టే సాధనం వివరణలో వట్టిగా 'నెంబరు' అని ఉంటే ఏజెంటు ఏదో ఒకటి ఎంచుకుంటుంది. మన పైసలు పక్కింటి బాకీకి జమ అయితే ఎవరిని అడగాలి? కనుక 'బిల్లు మీద యూనిక్ సర్వీసు నెంబరు అని అచ్చయిన అంకెలు; రెండవ నెంబరు చెల్లదు; మధ్యలో ఖాళీలు, గీతలు ఉండరాదు' అని విడమరచి రాయాలి. ముందు వినియోగదారుని పేరు, బాకీ తెప్పించి ఇంటివారికి చూపి, వారు ఒప్పుకున్న తరువాతనే కట్టే సాధనాన్ని పిలవాలని కూడా రాయాలి. వివరణ రాస్తే సరిపోదు, ఒప్పుకోలు లేనిదే డబ్బు కదలకుండా ప్రోగ్రాములోనే అడ్డు పెట్టాలి.

అంతకంటే చిక్కు ఇంకొకటి ఉన్నది. డబ్బు పంపిన తరువాత జవాబు రాకముందే లైను పోయిందనుకోండి. మళ్ళీ పిలిస్తే రెండోసారి కట్టుబడి అవుతుందా, కాదా? ఈ సంగతి వివరణలో లేకపోతే ఏజెంటు మళ్ళీ పిలిచినా పిలుస్తుంది. పొరపాటు సందేశాలదీ ఇదే కథ. 'విఫలమైనది' అంటే ఎవరికి ఉపయోగం? 'తేదీ నెల పన్నెండు దాటింది, సంవత్సరం-నెల-తేదీ వరుసలో పంపండి' అంటే ఏజెంటు తానే దిద్దుకుంటుంది.

2024 నవంబరులో ఆంత్రోపిక్ సంస్థ ఏజెంట్లకూ సాధనాలకూ మధ్య మోడల్ కాంటెక్స్ట్ ప్రోటోకాల్ అనే ఉమ్మడి పద్ధతిని ప్రకటించింది. అందులో సాధనం పేరు, వివరణ, ఇవ్వవలసిన వివరాల రూపం ఒక క్రమంలో ఉంటాయి. క్రమం దొరికింది గాని వాక్యం మనమే రాయాలి. అట్లాగని పురాణం రాయరాదు. ఏజెంటు అన్ని సాధనాల వివరణలూ ముందు పెట్టుకొని చదువుతుంది గనుక, మాటలు పెరిగినకొద్దీ ఖర్చూ పెరుగుతుంది, అయోమయమూ పెరుగుతుంది.

ప్రాజెక్టులు చేస్తున్న మిత్రులు కోడు పూర్తికాగానే ఆ వివరణను మాత్రమే ఒక ఏజెంటుకిచ్చి పదిరకాల పనులు అడిగి చూడాలి. ఎక్కడ తప్పిందో అక్కడి వాక్యం మార్చి మళ్ళీ అడగాలి. అడిగేటప్పుడు పుస్తకాల భాష వద్దు. మన ఇండ్లల్లో 'ఎల్లుండి బండి చూడు', 'మీటరు నెంబరు మీద కట్టు' అంటారు. ఎల్లుండిని ఏ వరుసలో తేదీగా మార్చి పంపాలో, మీటరు నెంబరు అంటే బిల్లు మీది ఏ నెంబరుగా తీసుకోరాదో వివరణలో ఒక్కొక్క ముక్క రాయడానికి అయిదు నిమిషాలు పట్టదు.