దఫ్తరులో ఎవరి మాట?

'దఫ్తరు' అను మాట మన ప్రాంతపు పల్లెలకు క్రొత్తది కాదు. పారసీకము నుండి ఉర్దూ ద్వారా వచ్చిన యీ మాటను తెలుగువారు పట్వారీల కాలము నుండియు తమదిగనే వాడుకొనుచున్నారు. కామారెడ్డి, ఎల్లారెడ్డి పరిసర గ్రామములలో భూమి తగవు వచ్చినప్పుడు పెట్టె అడుగు నుండి తీయు సేత్వారు, పహాణీ నకళ్లు పెక్కు ఉర్దూలో నుండును. వానిని చదువగల పెద్దలు ఏటేట తగ్గుచున్నారు. చదువరి లేని కాగితము మూగది. కాగితమునకే ఎక్కని బ్రతుకు అంతకంటెను మూగది. ఈ రెండవ మూగతనమును గూర్చి విద్యార్థులతో కొంత ముచ్చటింపదలచితిమి.

హైదరాబాదు తార్నాకలోని రాష్ట్ర పత్ర భాండాగారమున షాజహాను, ఔరంగజేబుల కాలపు దక్కను పత్రములే లక్షన్నరకు పైగా నున్నవి. ఆసఫ్‌జాహీల కాలపు కాగితములు వేరు. 1880ల దశకమున పారసీకమునకు బదులు ఉర్దూ కచేరీ భాష యైనది. 1918లో వెలసిన ఉస్మానియా విశ్వవిద్యాలయము ఆ ఉర్దూనే ఉన్నత విద్యాబోధన భాషగా నిలిపినది. ఇంతటి పత్ర సంపదలో ఏలినవారి ఆజ్ఞ యున్నది, పన్ను కట్టినవాని పేరున్నది. ప్రభుత్వమునకు పని పడని మనుజుని సొంత మాట మాత్రము అరుదు.

హిజ్రాల విషయమున ఇది మరింత కఠినముగా కనబడును. ఫసలీ 1329లో, అనగా 1919-20 ప్రాంతమున, హైదరాబాదు సంస్థానమున వారిపై ఒక చట్టము వచ్చినది. బ్రిటిషు వారి 1871 నాటి నేరస్థ జాతుల చట్టములోని రెండవ భాగము దీనికి పూర్వరూపము. బాలురను అపహరింతురనియు, మరికొన్ని నేరములు చేయుదురనియు అనుమానము గలిగిన హిజ్రాల పేర్లను, నివాసములను ఒక రిజిస్టరులో నెక్కింపవలెను. అందు పేరెక్కినవారు స్త్రీ వేషముతో వీధిలో కనబడినను, పాడినను, ఆడినను వారంటు లేకయే పట్టుకొనవచ్చును. శిక్ష రెండేండ్ల వరకు ఖైదు, లేదా జరిమానా, లేదా రెండును. ఆ విధముగా వారు దఫ్తరునకు ఎక్కినది అనుమానితులుగా.

భాషయు ఇదే కథను చెప్పుచున్నది. 'ఖ్వాజాసరా' యన్నది ఒకనాడు అంతఃపురపు గౌరవ పదవి. 'ఖోజా' అను మాటయే తెలుగున 'కొజ్జా' యై తిట్టుగా దిగజారినది. గాయత్రీ రెడ్డి గారు జంటనగరముల హిజ్రాలపై వ్రాసి 2005లో ప్రకటించిన గ్రంథమున వారి జీవితమునకు కేంద్రముగా చూపినది 'ఇజ్జత్'ను. ఏ మతమున పుట్టినను వారిలో పెక్కురు ముస్లిము ఆచారములను పాటింతురనియు ఆమె గుర్తించిరి. గురువు, చేలా అను బంధముపై నడచు ఆ కుటుంబములను ఒక మతపు గడిలోనో, ఒక భాష గడిలోనో ఇరికించుట సాధ్యము గాదు. రిజిస్టరులో ఇజ్జత్‌కు గడి లేదు.

2014లో సుప్రీంకోర్టు ట్రాన్స్‌జెండర్ వ్యక్తుల హక్కులను గుర్తించినది. 2023 జూలైలో వైజయంతి వసంత మొగిలి గారి వ్యాజ్యముపై తెలంగాణ హైకోర్టు పై చట్టమును రాజ్యాంగ విరుద్ధమని కొట్టివేసినది. చట్టము పోయినది గదా, అట్టి రిజిస్టరు దొరికినచో తగులబెట్టరాదా యని విద్యార్థులు అడుగవచ్చును. కూడదని మా అభిప్రాయము. అన్యాయమునకు అదియే సాక్ష్యము. దానిని భద్రపరచి, దాని ప్రక్కన ఆ మనుజుల సొంత వాక్కును ఉంచవలెను.

విశ్వవిద్యాలయములు ఈ పనికి పూనుకొనుచున్నవి. కెనడాలోని విక్టోరియా విశ్వవిద్యాలయమున ట్రాన్స్‌జెండర్ చరిత్రకై ప్రత్యేక భాండాగారమున్నది. మన పొరుగున బెంగుళూరులోని జాతీయ న్యాయ విశ్వవిద్యాలయమున 'కమ్రా' అను భాండాగారము హిజ్రాల, స్వలింగ ప్రేమికుల ఉద్యమ పత్రములను, చలన చిత్రణలను, కంఠస్వరములను కాపాడుచున్నది. ఉర్దూలో ఆ ధ్వని గల మాటకు గది యని అర్థము. ఒక గది దొరికిన చాలును, చరిత్రకు చోటు దొరికినట్లే.

అయితే ఈ సేకరణకు నియమములున్నవి. చెప్పువారి సమ్మతి ముందు. చెప్పినదానిని వెనుకకు తీసికొను హక్కు వారికి ఎల్లప్పుడు నుండవలెను. దక్కనీలో చెప్పినది దక్కనీలోనే, తెలుగున చెప్పినది తెలుగుననే వ్రాయవలెను, దిద్దరాదు. తేదీ, స్థలము గుర్తింపవలెను. పేరు దాచమన్నచో దాచవలెను. ఇన్నేండ్లు తెరువవద్దన్నచో తెరువరాదు. ఈ నియమములు లేని సేకరణ పాత రిజిస్టరునకు మరొక ప్రతి యగును.

కామారెడ్డి 2016లో జిల్లా యైనది. ఉర్దూ, తెలుగు, లంబాడీ, మరాఠీ, కన్నడము వినవచ్చు జిల్లా యిది. తెలంగాణ విశ్వవిద్యాలయపు దక్షిణ ప్రాంగణము భిక్కనూరులో మన చేరువనే యున్నది. ఉర్దూ చదువగల విద్యార్థియు, తెలుగు వ్రాయగల విద్యార్థియు ఒకే బల్లపై కూర్చుండు కళాశాల మనది. ఒక గదిని, ఒక బీరువాను, దానికి బాధ్యుడైన ఒక అధ్యాపకుని కళాశాల కమిటీ వారు ఏర్పరచిన యెడల, ఇంటింటి పాత కాగితములతో పని మొదలిడవచ్చును. ఆ అనుభవముతో, మన యిండ్లలో బిడ్డ పుట్టినప్పుడు వచ్చి దీవించి పోవు వారి మాటను గూడ వారి అనుమతితో వ్రాసికొనవచ్చును. వారి దీవెనను స్వీకరించిన మనము వారి చరిత్రకు చోటీయకుండుట న్యాయము గాదు.