తెరమీది మాటలు

మానవుడు నిర్మించుకొన్న పనిముట్లలో మాటలతో పనిలేనివి కొన్ని కలవు. నాగలికి మాట అక్కరలేదు; రోకలికిని అక్కరలేదు. చూచినంతనే వాని ఉపయోగము తెలియును. కాని టెలివిజను తెరపై అంతర్జాలమును చూపు బ్రౌజరు అట్టిది కాదు. దానికి మాటలే తలుపులు, మాటలే గడియలు. ‘తెరువుము’, ‘వెనుకకు పొమ్ము’, ‘తుడిచివేయుము’ అను చిన్నచిన్న మాటలను చదివియే మనము దానిని నడపుదుము. ఆ మాటలు మనకు రాని భాషలో నున్నచో ఎంత విలువగల యంత్రమైనను మూసిన తలుపువంటిదే. తప్పుగా అనువదింపబడినచో అంతకంటెను ప్రమాదము. అది తప్పుదారి చూపు తలుపగును.

టెలివిజనును అంతర్జాలముతో కలుపవలెనను ప్రయత్నము నేటిది కాదు. అమెరికా దేశమున 1996వ సంవత్సరములో వెబ్‌టీవీ అను పెట్టె విక్రయమునకు వచ్చెను. కంప్యూటరు లేని గృహస్థుడును దానిని తన టెలివిజనుకు తగిలించి, ఉత్తరములు వ్రాసికొనుటకును, పుటలు చూచుటకును వీలు కలిగెను. మరుసటి సంవత్సరమే మైక్రోసాఫ్ట్ సంస్థ దానిని కొనెను. 2013వ సంవత్సరము సెప్టెంబరు 30వ తేదీతో ఆ సేవ ముగిసెను. ఇట్లే 2017 డిసెంబరులో మొజిల్లా సంస్థ, అమెజాన్ వారి ఫైర్ టీవీ కొరకు ఫైర్‌ఫాక్స్ బ్రౌజరును విడుదల చేసెను. దానికి 2021 ఏప్రిల్ 30వ తేదీతో ఆ సంస్థ ఆదరువు నిలిచిపోయెను. పెట్టెలు వచ్చును, పోవును. వాని మాటలను పలు భాషలకు సిద్ధపరచు విద్య మాత్రము నిలిచియున్నది. ఆ విద్య యెట్టిదో చూతము.

మొదట ఒక సంగతి గ్రహింపవలెను. బ్రౌజరును నిర్మించువాడు ఒకడు. దాని మాటలను తెలుగు చేయువాడు వేరొకడు. వారిద్దరు ఒకరినొకరు ఎన్నడును చూడకపోవచ్చును. అనువాదకుని చేతికి వచ్చునది తెర కాదు, మాటల పట్టిక మాత్రమే. కావున నిర్మాత తెరమీది మాటలన్నింటిని ఆజ్ఞల నడుమ చెదరియుండనీయక, ఏరి, ఒకచోట కూర్చవలెను. ప్రతి మాటకును ఒక గుర్తుపేరు పెట్టవలెను. యంత్రము ఆ గుర్తుపేరును బట్టి తెలుగు పట్టికనుండి తెలుగుమాటను, తమిళ పట్టికనుండి తమిళమాటను తెచ్చుకొనును. చిత్రములలో అక్షరములను గీయరాదు. గీసినచో వానిని మార్చుటకు చిత్రమునే మరల గీయవలసివచ్చును.

మాటలను ఏర్చినంత మాత్రమున పని తీరదు. ప్రతి మాట ప్రక్కన దాని తావును, అర్థమును తెలుపు వివరణ వ్రాయవలెను. ఇంగ్లీషులో ‘పిన్’ అను మాటను చూడుడు. ఒక పుటను మొదటి తెరమీద ఎప్పుడును కనబడునట్లు గ్రుచ్చియుంచుట అని ఒక అర్థము. రహస్యసంఖ్య అని మరియొక అర్థము. ‘హోమ్’ అనగా ఇల్లా, మొదటి పుటయా? ‘క్లియర్’ అనగా స్పష్టమైనదా, తుడిచివేయుటయా? ఒక వృద్ధురాలు టెలివిజను ముందు కూర్చున్నదనుకొందము. ‘సమాచారమంతయు తుడిచివేయుము’ అని యుండవలసిన చోట, ‘సమాచారమంతయు స్పష్టము’ అని యున్నది. ఆమె, సమాచారము తేటగా కనబడునేమో యని, దానిని నొక్కును. ఆమె దాచుకొన్న గుర్తులన్నియు మాయమగును. ఇందు ఆమె తప్పేమున్నది? అనువాదకుని తప్పును కొంతయే. ఒక్క పంక్తి వివరణ వ్రాయుటకు బద్ధకించినవానిదే పెద్ద తప్పు.

వాక్యములను ముక్కలుచేసి అతికింపరాదనునది మరియొక నియమము. ఇంగ్లీషులో క్రియ ముందు వచ్చి, కర్మ వెనుక వచ్చును. కావున ‘తెరువుము’ అను మాటను ముందుంచి, పుట పేరును వెనుక తగిలించిన వారికి సరిపోవును. మన భాషలో క్రియ చివర నుండుట పరిపాటి. ముక్కలుగా నిచ్చినచో అనువాదకుడు వాని వరుసను మార్చలేడు. కనుక పూర్ణవాక్యమును ఇచ్చి, పేరు వచ్చుచోట ఒక గుర్తును ఉంచవలెను. అనువాదకుడు ఆ గుర్తును తన భాషకు తగినచోటికి జరుపుకొనును.

అయినను తెలుగునకు మరియొక చిక్కు కలదు. మన విభక్తులు పేరును బట్టి మారును. ‘కవి’ యన్న ‘కవిని’ అందుము. ‘పుస్తకము’ అన్న ‘పుస్తకమును’ అందుము. ‘ఇల్లు’ అన్న ‘ఇంటిని’ అందుము. గుర్తుచోట ఏ పేరు వచ్చునో ముందుగా ఎరుగని అనువాదకుడు దాని ప్రక్కన ఏ ప్రత్యయమును తగిలింపగలడు? నేర్పరియైనవాడు పేరును తాకకయే, దాని తరువాత ‘అను పుటను తెరువుము’ అని వ్రాయును. అప్పుడు విభక్తి ‘పుట’ అను మాటకు చేరును, పేరు చెక్కుచెదరదు. ఇంగ్లీషు వాక్యము ముక్కలు గాక పూర్తిగా నున్నప్పుడే ఈ నేర్పునకు అవకాశము కలుగును.

వచనముల సంగతియు ఇట్టిదే. ఇంగ్లీషులోవలె తెలుగులోను రెండే: ఒక పుట, పది పుటలు. జపానుభాషకు సంఖ్యను బట్టి రూపము మార్చు పనియే లేదు. అరబ్బీభాషకు ఆరు విధములు కావలెను. రష్యనుభాషలో 21 అను సంఖ్యతో వచ్చు నామము, 1తో వచ్చు నామమువలె నుండును; 5తో వచ్చునది వేరు. కావున ‘ఒకటి కానిచో చివర ఒక అక్షరము చేర్చుము’ అని యంత్రమునకు నేర్పినవాడు, ప్రపంచములోని భాషలన్నియు తన భాషవంటివే యని భ్రమించినవాడు. ప్రతి భాషకును దానికి కావలసిన రూపములు వ్రాసికొనుటకు పట్టికలో చోటుంచుటయే సరియైన మార్గము.

ఇక స్థలము. పుస్తకమును మూరెడు దూరమున పట్టుకొని చదువుదుము. టెలివిజనును సుమారు పది అడుగుల దూరమునుండి చూతుము. కావున తెర పెద్దదైనను అక్షరములును పెద్దవై, మాటలకు చోటు చాలదు. ఇంగ్లీషులో నాలుగక్షరముల మాట వేరొక భాషలో రెండింతలు కావచ్చును. అంతేకాదు, మన అక్షరములకు పైన గుడులును, క్రింద వత్తులును ఉన్నవి. ‘స్త్రీ’ అను మాటకు ఎంత ఎత్తు కావలెనో చూడుడు. ఇంగ్లీషు అక్షరమునకు సరిపోవునట్లు పంక్తిని బిగించినచో వత్తు తెగిపోవును; మాట మారిపోవును. దీనిని ముందుగానే కనిపెట్టుటకు ఒక ఉపాయము కలదు. అనువాదమునకు పూర్వమే, ఉన్న మాటలను బూటకపు గుర్తులతో పొడిగించి, తెరమీద పెట్టి చూతురు. ఏది తెగునో, ఏది పొంగిపొరలునో అప్పుడే తెలిసిపోవును. పట్టికలో చేరక ఆజ్ఞల నడుమ మిగిలిపోయిన మాటలును బయటపడును. ఏలయన వానికి ఆ బూటకపు వేషము పడదు.

ఉర్దూ, అరబ్బీ, హీబ్రూ భాషలు కుడినుండి ఎడమకు వ్రాయబడును. వానికొరకు తెరయంతయు అద్దములో చూచినట్లు తిరుగవలెను. కాని రిమోటుపై నున్న కుడి మీట కుడిమీటయే, అది తిరుగదు. కనుక ‘ప్రక్కకు కదలుము’ అను మాటయు, చేతిలోని మీటయు ఒకదానితో నొకటి పొసగుచున్నవో లేదో పరీక్షింపవలెను.

కట్టకడపటి నియమము మిక్కిలి ముఖ్యమైనది. ఇంగ్లీషు మాట అర్థము మారినప్పుడు గుర్తుపేరును కూడ మార్చవలెను. ‘మీ గుర్తులు భద్రపరచబడును’ అను వాక్యము తరువాత ‘మీ గుర్తులు తొలగింపబడును’ అని మార్పబడెననుకొందము. గుర్తుపేరు పాతదే యైనచో, యంత్రము పాత తెలుగు వాక్యమునే చూపుచుండవచ్చును. అప్పుడు ఇంగ్లీషు చదువరికి నిజమును, తెలుగు చదువరికి అబద్ధమును చెప్పినట్లగును. ఒకే యంత్రము ఇద్దరికి రెండు ధర్మములు పాటించుట న్యాయము కాదు.

విద్యార్థులారా! 1991వ సంవత్సరములో యూనికోడు మొదటి సంపుటము వెలువడినప్పుడే మన తెలుగు అక్షరములకు అందు స్థానము లభించెను. అక్షరములకు చోటు దొరకుట మొదటి మెట్టు. ఆ అక్షరములు అర్థవంతమైన మాటలై తెరమీద నిలుచుట రెండవ మెట్టు. రెండవ మెట్టు కట్టువారిలో అనేకులకు తెలుగు రాదు. అయినను వారు వాక్యమును విరువక, వివరణ వ్రాసి, వత్తునకు చోటు విడిచినచో, తమకు తెలియని భాషకు తలుపు తెరచినవారగుదురు. మీలో కొందరు ముందుముందు ఇట్టి యంత్రములను నిర్మింతురు. అప్పుడు మీరు వ్రాయు మాటలను సంతాలీవాడును, స్వాహిలీవాడును తన భాషలోనికి మార్చుకొనవలసియుండును. వానికి మీరు విడువవలసిన చోటును ఇప్పుడే నేర్చుకొనుడు.