ఇల్లు కొనునపుడు దళారి రుసుము మిగుల్చుకొనుట యెట్లు?



ధాన్యమును దళారికి అప్పగించి, అతడు చెప్పిన ధరకు తలయూచి వచ్చుట మనలో పెక్కుమంది యెఱిగిన సంగతియే. సహకార సంఘము కొనుగోలు కేంద్రము నడపు చోట కాటా, తేమ పరీక్ష, చీటీ మొదలగు పనులు సంఘమే చూచుకొనును. దళారి చేయు పని యేదో తెలిసికొని, దానిని మనమే చేసికొనుట యిందలి సూత్రము. 1844లో ఇంగ్లండునందలి రాచ్‌డేల్ పట్టణమున 28 మంది శ్రామికులు కలిసి అంగడి పెట్టినదియు నిందులకే. ఇంటి కొనుగోలునకును ఇదియే వర్తించును.

పిల్లల చదువు కొఱకు ఒక రైతు వేములవాడలో 20 లక్షల రూపాయలకు ఇల్లు కొనెననుకొందము. దళారి నూటికి రెండు చొప్పున అడిగినచో 40,000 రూపాయలగును. అమ్మువానికొక ధర, కొనువానికొక ధర చెప్పి నడుమ సొమ్ము మిగుల్చుకొను దళారి తగిలినచో నష్టమింకను హెచ్చును. కావున బయానా ఇచ్చుటకు ముందే ఇంటి యజమానితో ముఖాముఖి మాటలాడవలయును.

దళారి చేయు పనులు నాలుగు.

1. ఇల్లు వెదకుట. సంఘపు సమావేశమున నలుగురికి చెప్పుడు. పట్టణమున నున్న బంధువులను, కిరాణా దుకాణదారులను అడుగుడు. కావలసిన వీథిలో స్వయముగా తిరుగుడు.

2. ధర కుదుర్చుట. ఆ వీథిలో ఇటీవల కొనినవారిని ఇద్దరు ముగ్గురిని విచారింపుడు. పెద్దమనిషి నొకనిని వెంటబెట్టుకొని బేరమాడుడు.

3. కాగితములు చూచుట. అసలు దస్తావేజులను కంటితో చూడుడు. నకళ్లు మాత్రమే చూపినచో అసలు బ్యాంకులో కుదువనున్నదేమో విచారింపుడు. 30 సంవత్సరముల ఈసీ తీయింపుడు. అయితే రిజిస్ట్రీ కాని ఒప్పందములు అందు కనబడవు. అందుచే ఇరుగుపొరుగు వారిని అడుగుట తప్పదు. పిత్రార్జితమైనచో వారసులందఱి సంతకములు కావలయును. 2005 నాటి సవరణచే హిందూ కుటుంబములలో కుమార్తెలకును కుమారులతో సమాన హక్కు కలదు. ఆ స్థలము దేవాదాయ భూమియో, అసైన్డు భూమియో, చెరువు శిఖమో కాదని నిషేధ జాబితా చూచి నిర్ధారించుకొనుడు. వేములవాడ దేవస్థానమున్న ఊరగుటచే ఇది మఱింత యవసరము. ఇంటి పన్ను రసీదు హక్కు పత్రము కాదని యెఱుగుడు.

4. రిజిస్ట్రీ చేయించుట. దస్తావేజు లేఖరిచే వ్రాయించి, హద్దులను, కొలతలను మీరే చదివి, సబ్ రిజిస్ట్రారు కార్యాలయమునకు పోవలయును.

ఇందు మూడవ పనియే మిక్కిలి ముఖ్యమైనది. దళారికి రుసుము ముట్టునది బేరము కుదిరిననే. కావున "ఈ యిల్లు కొనవలదు" అను మాట అతని నోట వచ్చుట యరుదు. వకీలునకు కొన్నను, కొనకున్నను రుసుము ఒక్కటియే. అతడు వలదని చెప్పుటకు వెనుదీయ నక్కఱలేదు. అందుచే దళారి రుసుములో మిగిలిన దానినుండి కొంత వకీలునకిచ్చి కాగితములు చూపించుట వ్యర్థవ్యయము కాదు.

పొదుపు పేరిట రిజిస్ట్రీ ఖర్చును మాత్రము తప్పించుకొనరాదు. మన ప్రాంతమున సాదా బైనామాలు నమ్మి సంవత్సరముల తరబడి తిరిగినవారు కలరు. 1882 నాటి ఆస్తి బదలాయింపు చట్టము 54వ సెక్షను ప్రకారము 100 రూపాయలును, అంతకు మించిన విలువయు గల స్థిరాస్తి అమ్మకము రిజిస్ట్రీ పత్రముచేతనే చెల్లును. జీపీఏ కాగితములచే యాజమాన్యము మాఱదని సుప్రీంకోర్టు 2011లో తీర్పు చెప్పినది.

అన్ని పనులు మనకు సాధ్యము కాకపోవచ్చును. దళారి నిజముగా శ్రమపడినచో అతని కూలి అతనికి ఇచ్చుటయే న్యాయము. అయితే రుసుమెంతయో ముందే కాగితముపై వ్రాసికొని, రిజిస్ట్రీ పూర్తియైన పిమ్మటనే చెల్లింపవలయును. రెరాలో నమోదు కావలసిన లేఅవుటులలో ప్లాటు కొనునపుడు లేఅవుటునకును, ఏజెంటునకును ఆ నమోదు కలదో లేదో చూడవలయును; 2016 నాటి చట్టము దీనిని నిర్బంధము చేసినది.

పత్తి మూటలపై, వడ్ల బస్తాలపై పైసా పైసా కూడబెట్టిన సొమ్మిది. సంఘమున ఒకరికి తెలిసిన సంగతి పదుగురికి చెప్పినచో, ఆ సొమ్ము ఇంటి గోడలకే చేరును.