రంగం రేవులో 1930

మన బరంపురం వైపు పెద్దవాళ్ళు "ఆయన రంగం వెళ్ళాడు" అంటే నాటకరంగం అనుకోకండి. అది అప్పటి బర్మా రాజధాని రంగూన్. గోపాల్‌పూర్‌లో ఓడెక్కిన మనవాళ్ళు ఇరావతి డెల్టాలోని ఆ రేవులో దిగేవారు.

ఆ ఊరి అసలు పేరు డగోన్. 1755లో అలౌంగ్‌పయా రాజు దాన్ని గెలిచి యాంగోన్ అని పేరు మార్చాడు. "కలహం ముగిసింది" అని దాని అర్థం. పేరైతే బాగానే పెట్టాడు! 1852లో ఇంగ్లీషువాళ్ళు ఊరిని పట్టుకున్నారు. 1885 యుద్ధంలో మాండలే రాజును దించేశాక బర్మా మొత్తానికీ అదే రాజధాని అయ్యింది. బియ్యం ఎగుమతితో రేవు పెరిగింది, బస్తాలు మొయ్యడానికి మనుషులు కావలసి వచ్చారు. మేస్త్రీ అడ్వాన్సు ఇచ్చి ఓడెక్కించేవాడు, ఆ బాకీ కూలిలోంచి కోసుకునేవాడు. అక్కడ తెలుగువాళ్ళని "కోరంగి" అనేవారు. యానాం పక్కనున్న కోరంగి రేవు పేరే అది. 1931 జనాభా లెక్కల్లో రంగూన్‌లో సగానికి పైగా భారతీయులే.

1930 మే 5న భూకంపం వచ్చింది. అదే రోజు ఇక్కడ గాంధీగారిని అరెస్టు చేశారు. ఆ నెలలోనే రేవులోని తెలుగు కూలీలు కూలి పెంచమని సమ్మె కట్టారు. ఓడల సరుకు ఆగకూడదని కంపెనీలు బర్మా కూలీలని పెట్టుకున్నాయి. తరవాత కొద్దిగా కూలి పెంచి మనవాళ్ళతో రాజీ కుదుర్చుకున్నాయి. మే 26 పొద్దున్న పనికొచ్చిన బర్మావాళ్ళకి "ఇక మీరు అక్కర్లేదు" అన్న మాట ఎదురైంది. మాటా మాటా పెరిగింది, కొట్లాట ఊరంతా పాకింది. వందమందికి పైగా చనిపోయారు, అందులో ఎక్కువమంది తెలుగు కూలీలే. పుస్తకాల్లో దీన్ని జాతుల మధ్య గొడవ అంటారు. నాకు మాత్రం ఒకే బస్తా కోసం ఇద్దరు పేదవాళ్ళని నిలబెట్టిన కంపెనీల లెక్కే ముందు కనిపిస్తుంది.

1941 డిసెంబరు 23న జపాను బాంబులు పడ్డాయి. లక్షలమంది భారతీయులు బర్మా వదిలి అరకాన్ కొండల మీదుగా, మణిపూర్ మీదుగా నడిచొచ్చారు. దారిలో కలరాతో, మలేరియాతో ఎందరో పోయారు. 1942 మార్చిలో రంగూన్ జపాను చేతికి చిక్కింది. 1948 జనవరి 4న స్వాతంత్ర్యం వచ్చింది. అంతకు దాదాపు ఆరు నెలల ముందే ఆంగ్‌సాన్‌ని అక్కడి సచివాలయంలోనే కాల్చి చంపారు. 2005లో రాజధాని నేపిడాకి మారింది.

మీ ఇళ్ళల్లో రంగం వెళ్ళొచ్చినవాళ్ళ కబుర్లుంటే, చిన్నవైనా సరే, రాసి ఈ బోర్డుకి ఇవ్వండి.