కిటికీకి అడ్డురాని లెన్సు

కంకిపాడు

చి. మేనకోడలికి,

నువ్వు రాసి పంపిన లెన్సుల పట్టిక అందింది. ఒక్కోదానికీ ఎదురుగా బరువూ ధరా వేశావు, పద్ధతిగా ఉంది. అన్నిటికన్నా పైన నాక్టన్ 50 ఎం.ఎం. ఎఫ్ 1.2 పెట్టావు. నీ మనసు దాని మీదే ఉన్నట్టుంది. ముందు దాన్ని కొట్టెయ్.

ఎందుకంటే నీ చేతిలో ఉన్నది బెస్సా ఆర్2ఏ. ఎస్సెల్లార్ అయితే లెన్సులోంచే చూస్తాం కాబట్టి అది ఎంత లావున్నా చూపుకి ఇబ్బంది లేదు. రేంజ్‌ఫైండర్‌లో మనం చూసేది పైన ఓ పక్కనున్న వేరే కిటికీలోంచి. లెన్సు ముందుకు పొడుచుకొచ్చేకొద్దీ ఆ కిటికీలో కుడివైపు కింది మూల మూసుకుపోతుంది. నువ్వు తీయబోయేదేమో పెడనలో కలంకారీ అద్దకం. అచ్చు పట్టుకున్న చెయ్యి, రంగు పెట్టె, బల్ల అంచు అన్నీ తరచూ ఆ మూలకే వచ్చి చేరతాయి. వాటిని చూడకుండా నొక్కేసి, ఫిల్ము కడిగాక చూసుకుంటే ఏం లాభం? లెన్సు చిన్నది కావాలని నేననడానికి మొదటి కారణం ఈ మూలే. బరువు సంగతి తర్వాత. అయినా ఆ 50 బరువు మూడు వందల గ్రాములు దాటుతుంది, సాయంత్రానికి మెడ తెలుస్తుంది.

ఇంకో ఇబ్బంది ఉంది. రేంజ్‌ఫైండర్ దూరం కొలిచేది రెండు కిటికీల మధ్య ఎడంతో. ఆ ఎడం ఎంత ఎక్కువైతే ఫోకస్ అంత కచ్చితం. నీ బెస్సాలో అది 37 ఎం.ఎం.; వ్యూఫైండర్ బొమ్మని 0.7 వంతుకి తగ్గించి చూపిస్తుంది కాబట్టి పనికొచ్చేది 26 దాకానే. లైకా ఎం6లో ఇదే లెక్క దాదాపు 50 వస్తుంది. 50 ఎం.ఎం. లెన్సుని ఎఫ్ 1.2 దగ్గర పూర్తిగా తెరిచి, మీటరు దూరంలో మనిషిని పెట్టి తీస్తే పదునుగా వచ్చే మందం మూడు సెంటీమీటర్లే. కన్ను పదునుగా వస్తే చెవి రాదు. అంత సన్నని ఫోకస్‌ని నీ కెమెరా ప్రతిసారీ పట్టుకుంటుందని నేను భరోసా ఇవ్వలేను. 35 ఎం.ఎం. దగ్గర మాత్రం దానికి ఏ ఇబ్బందీ లేదు.

కార్టియే బ్రెసాన్ జీవితమంతా ఎక్కువగా 50తోనే తీశాడని రాశావు. నిజమే. 1948 జనవరి 30న గాంధీగారు పోవడానికి కొద్దిసేపటి ముందు ఆయన్ని కలిసి ఫొటోలు తీసినవాడు, ఆ తర్వాత అంత్యక్రియలనీ తీసినవాడు. ఆయన చెయ్యి తిరిగిన మనిషి, పైగా ఆయన కెమెరా లైకా. ఆయన వాడాడు కదా అని మనం వాడనక్కర్లేదు. నువ్వు నిలబడబోయే చోటేదో చూసుకో. పెడన షెడ్లలో పొడుగాటి బల్లల మధ్య ఓ మనిషి పట్టేంత సందే ఉంటుంది, వెనక్కి జరుగుదామంటే తడిగుడ్డలు. రెండు మీటర్ల దూరం నుంచి 35 ఎం.ఎం. లెన్సులో రెండు మీటర్ల వెడల్పు పడుతుంది, అంటే మనిషీ పనీ రెండూ వస్తాయి. 50 అయితే మీటరున్నర కూడా పట్టదు. మరి 28 అంటావేమో. దానికి నీ కెమెరా కిటికీలో ఫ్రేము అంచులు చూపే గీతలే లేవు, విడిగా ఫైండర్ కొని కెమెరా నెత్తిన పెట్టుకోవాలి. నీకు కళ్ళద్దాలు కూడానూ. 35 గీతలే అంచుల దాకా కనబడాలంటే కొంచెం కన్ను అటూ ఇటూ తిప్పాలి.

ఇక వెలుతురు. ఎఫ్ 1.4, 1.2 అంటూ మోజు పడేవాళ్ళంతా చలిదేశాల చీకట్లని తలుచుకుని పడతారని నా అనుమానం. మన డెల్టా ఎండలో 400 ఫిల్ము వేస్తే ఎఫ్ 16 దగ్గర సెకనులో 500వ వంతు కావాలి. నీ బెస్సా షట్టర్ గరిష్ఠ వేగం 2000వ వంతు. ఆ వేగంతో కూడా ఎఫ్ 8 కంటే ఎక్కువ తెరవడానికి వీల్లేదు. పొద్దున పదినుంచి మధ్యాహ్నం మూడున్నర దాకా, ఎండలో ఉన్నంతసేపూ, నువ్వు డబ్బు పోసి కొన్న ఆ పెద్ద అద్దం మూసుకునే కూర్చుంటుంది. షెడ్డు లోపలికెళ్తేనే దాని అవసరం. అక్కడ కూడా తేడా నువ్వనుకున్నంత లేదు. ఎఫ్ 1.4 దగ్గర 60వ వంతు వచ్చేచోట ఎఫ్ 2 దగ్గర 30వ వంతు వస్తుంది. రేంజ్‌ఫైండర్‌లో అద్దం పైకి లేచి కొట్టే కుదుపు ఉండదు, ఊపిరి బిగబట్టి స్తంభానికి ఆనుకుంటే 15వ వంతు కూడా నిలుస్తుంది.

ఇప్పుడు నీ పట్టికలో మిగిలిన మూడు. నాక్టన్ క్లాసిక్ 35 ఎఫ్ 1.4 చిన్నదే, ముచ్చటైనదే, కానీ అది అంచుల్లో తిన్నని గీతల్ని బయటికి వంచుతుంది. మనుషుల్ని తీసేవాళ్ళు పట్టించుకోరు. కలంకారీ గుడ్డ అంటేనే బార్డర్లు, బల్ల అంచులు, వరసల్లో ఆరేసిన బట్టలు. వాటిని వంచితే అద్దేవాళ్ళే ముందు నవ్వుతారు. జైస్ సి బయోగన్ 35 గీతల్ని గీసినట్టే ఉంచుతుంది, రంగులూ బాగుంటాయి, ఎఫ్ 2.8 కాబట్టి ఎఫ్ 2తో పోలిస్తే షెడ్డులో ఒక స్టాపు వెలుతురు పోతుంది. ఉల్ట్రాన్ 35 ఎఫ్ 2, 2019లో వచ్చింది, బరువు 170 గ్రాములు, మౌంటు నుంచి ముందుకొచ్చేది 28 ఎం.ఎం. మాత్రమే. నా ఓటు దీనికి. 58 సెంటీమీటర్ల దగ్గరకి ఫోకస్ అవుతుందని గొప్పగా రాస్తారు. ఆ మాటకి లొంగకు, అంత దగ్గర దాకా నీ రేంజ్‌ఫైండర్ రాదు. బడ్జెట్ సరిపోకపోతే కలర్ స్కోపార్ 35 ఎఫ్ 2.5 చూడు. 134 గ్రాములు, ఇంకా పొట్టి. నేనైతే దాంతోనూ ఏడవను.

ఈ లెన్సుల మీద ఫోక్ట్‌లెండర్ అని జర్మన్ పేరుంటే మీ అమ్మ నిజంగానే జర్మనీలో చేశారా అని అడిగింది. ఆ కంపెనీ 1756లో వియన్నాలో పుట్టింది. అప్పటికి మన బందరు ఇంకా ఫ్రెంచివాళ్ళ చేతిలో ఉంది. 1999 నుంచి ఆ పేరుతో లెన్సులు చేస్తున్నది జపాన్‌లోని కొసీనా. నీ బెస్సా కూడా వాళ్ళదే, జైస్ పేరున్న ఆ బయోగన్ కూడా వాళ్ళ చేతిదే. ఈ లెన్సులన్నీ 1954లో లైకా ఎం3తో వచ్చిన మౌంటుకే పడతాయి. రేపు నువ్వు కెమెరా మార్చినా లెన్సు నీతోనే వస్తుంది, అందుకే కెమెరా కంటే దీని మీద ఖర్చు పెట్టమంటున్నాను.

పాతది కొంటే సగానికి వస్తుంది కదా అన్నావు. వస్తుంది. కానీ మన వైపు గాలిలో తేమ సంగతి నీకు తెలియంది కాదు. వానలు మొదలైంది మొదలు కార్తీకం దాకా బీరువాలో లెన్సుకి బూజు పడుతుంది. సన్నటి దారాల్లా అద్దం లోపల పాకుతుంది, పైకి తుడిస్తే పోదు. ఎవరి బీరువాలో ఎన్నాళ్ళుందో తెలియని లెన్సు కొనేబదులు కొత్తది కొనుక్కుని జాగ్రత్తగా చూసుకో. తోలు సంచిలో దాచకు, తోలు తేమని పట్టుంచుకుంటుంది. మూత బిగించే ప్లాస్టిక్ డబ్బాలో సిలికా జెల్ పొట్లాలతో పెట్టు, రంగు మారినప్పుడు వేడి తగిలేలా ఆరబెట్టు. అన్నిటికన్నా మంచిది వారానికోసారి బయటికి తీసి వాడటం.

లెన్సు మూత విషయం ఒకటి. రేంజ్‌ఫైండర్‌లో మూత తీయకపోయినా కిటికీలో లోకమంతా బాగానే కనబడుతుంది, 36 ఫొటోలూ నల్లగా వస్తాయి. లైకాలో గుడ్డ షట్టర్ కాబట్టి ఎండ పడి కాలుతుందని మూత పెట్టుకుంటారు. నీది లోహపు రేకుల షట్టర్, ఆ భయం లేదు. 39 ఎం.ఎం. యూవీ ఫిల్టర్ ఒకటి బిగించి, మూత ఇంట్లో పెట్టెయ్. హుడ్ కొంటే చిల్లులున్నది తీసుకో, ఆ చిల్లుల్లోంచి మూల కనబడుతుంది.

లెన్సు రాగానే పెడన పరుగెత్తకు. ముందు దూరంగా ఏ సెల్ టవర్‌నో చూసి, ఫోకస్ చివరికంటా తిప్పినప్పుడు రెండు బొమ్మలూ ఒకటవుతున్నాయో లేదో చూడు. కాకపోతే తేడా కెమెరాలోనే ఉండొచ్చు, వెంటనే లెన్సుని తిట్టకు. తర్వాత ఓ రోలు పూర్తిగా ఎఫ్ 2 దగ్గరే, మీటరు, రెండు, మూడు మీటర్ల దూరాల్లో తీసి నాకు పంపు.

మాఘమాసంలో ఉయ్యూరు వీరమ్మ తిరునాళ్ళకి వస్తానన్నావుగా. ఆ జనంలో ఫోకస్ తిప్పే తీరిక ఉండదు. ఎఫ్ 8 పెట్టి, దూరం మూడు మీటర్ల దగ్గర ఆపేసెయ్. రెండు మీటర్ల నుంచి ఏడు మీటర్ల దాకా అంతా పదునుగా వస్తుంది, ఇక కంటికి ఎత్తి నొక్కడమే. 400 ఫిల్ములు నాలుగు ఎక్కువే తెచ్చుకో, విజయవాడలో అడిగినప్పుడల్లా దొరకవు. కడిగే మందులు, ట్యాంకు నా దగ్గరున్నాయి. స్కానర్ లేదు, అది నువ్వే పట్టుకురావాలి.

ఇట్లు
మీ మామయ్య